మొండి మొటిమలు, మనసు మీద వాటి బరువు

మొటిమలు చర్మవ్యాధి. అయితే వాటితో ఏళ్ల తరబడి బతికేవాళ్లు పడే బాధలో ఎక్కువ భాగం చర్మం మీద కనిపించదు. ఒక్కో మొటిమ నొప్పి, చీము కొద్దిరోజుల్లో పోతాయి. సిగ్గు, ఆందోళన, దిగులు, నలుగురిలోకి వెళ్లాలంటే జంకు మాత్రం పోవు. 2010 నాటి ప్రపంచ వ్యాధిభార అధ్యయనం లెక్కల్లో ప్రపంచ జనాభాలో 9.4 శాతం మందికి మొటిమలున్నాయి. ఎక్కువమందిలో కనిపించే జబ్బుల్లో అది ఎనిమిదో స్థానంలో నిలిచింది. 12 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఎంతో కొంత వస్తాయని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఇంతమందికి వచ్చేది కాబట్టే దాన్ని జబ్బుగా లెక్కించడానికి ఇళ్లలో ఒప్పుకోరు. ‘వయసు మొటిమలు, అవే పోతాయి’ అనేసి ఊరుకుంటారు.

చాలామందిలో నిజంగానే పోతాయి. కొందరిలో పోవు. పదిహేనో ఏట మొదలై పాతికేళ్లు దాటినా ఉండేవి, ఒకసారి తగ్గి మళ్లీ మళ్లీ వచ్చేవి, పెళ్లీడు దాటాక కొత్తగా మొదలయ్యేవి కూడా ఉన్నాయి. అమెరికాలో 2008లో వెలువడిన ఒక సర్వేలో ఇరవైల్లో ఉన్న స్త్రీలలో సగం మంది, ముప్పైల్లో మూడోవంతు మంది, నలభైల్లో నాలుగోవంతు మంది తమకు ఇంకా మొటిమలు వస్తున్నాయని చెప్పారు. దీన్ని టీనేజీ ముచ్చటగా కొట్టిపారేయడం కుదరదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం, అవాంఛిత రోమాలతో పాటు మొటిమలూ ఉంటే దాని వెనక పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉండవచ్చు. అలాంటప్పుడు ముఖానికి రాసే మందు ఒక్కటే సరిపోదు.

మొటిమ ఎలా పుడుతుందో క్లుప్తంగా చెప్పుకోవాలి. ఎందుకంటే బాధపడేవాళ్ల మీద పడే నిందలు చాలావరకు ఈ విషయం తెలియకపోవడం వల్ల వచ్చినవే. వెంట్రుక మొదలు దగ్గర చిన్న నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగేసరికి అది ఎక్కువ నూనెను స్రవిస్తుంది. రంధ్రం లోపలి మృతకణాలు సరిగా రాలక దారి మూసుకుపోతుంది. చర్మం మీద అందరికీ ఉండే క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి అందులో పెరుగుతుంది, వాపు వస్తుంది. వంశపారంపర్యం పాత్ర కూడా పెద్దదే. ఈ వరసలో మురికి ఎక్కడా లేదు. ముఖం కడుక్కోకపోవడం వల్ల మొటిమలు రావు. గరుకు సబ్బుతో, పీచుతో పదేపదే రుద్దితే మాత్రం ఎక్కువవుతాయి. అయినా మొటిమలున్న పిల్లకు ఇంట్లో మొదట వినిపించే మాట ‘మొఖం మంచిగ కడుక్కోవే’ అనేదే.

మనసు మీద పడే దెబ్బను వైద్యులు గుర్తించడం కొత్త కాదు. 1948లోనే మారియన్ సల్జ్‌బర్గర్, సేడీ జైడెన్స్ అనే అమెరికన్ వైద్యులు మొటిమల కంటే ఎక్కువగా మనసును గాయపరిచి, ఆత్మన్యూనతను, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య గొడవలను రేపే జబ్బు మరొకటి బహుశా లేదన్న అర్థంలో రాశారు. దాన్ని కొలవడానికి పద్ధతులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మోట్లీ, ఫిన్లే 1992లో అయిదు ప్రశ్నల మొటిమల సూచీని ప్రచురించారు. 1994లో ఫిన్లే, ఖాన్ అన్ని చర్మవ్యాధులకూ పనికొచ్చే పది ప్రశ్నల జీవన నాణ్యత సూచీని తయారుచేశారు. ఇప్పుడు లోకమంతా వాడుతున్నది దీన్నే. 1999లో బ్రిటన్‌లోనే జరిగిన మరో అధ్యయనం, మొటిమల రోగులు చెప్పుకున్న సామాజిక, మానసిక ఇబ్బందులు ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, వెన్నునొప్పి, కీళ్లవాతం ఉన్నవాళ్లు చెప్పుకున్న స్థాయిలోనే ఉన్నాయని చూపింది. మధుమేహం ఉన్న మనిషిని ఇంట్లో ఎలా చూసుకుంటారో, మొటిమలున్న పిల్లవాడిని ఎలా చూస్తారో పక్కపక్కన పెట్టుకుంటే ఈ ఫలితం ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది.

కొలత మొదలయ్యాక బయటపడిన సంగతి మరొకటుంది. డాక్టరు లెక్కపెట్టిన మొటిమల సంఖ్యకూ రోగి పడే బాధకూ పొత్తు అంతగా కుదరదు. చెంప మీద నాలుగు మొటిమలున్న అమ్మాయి కాలేజీ మానేయవచ్చు. ముఖమంతా గడ్డలున్న అబ్బాయి మామూలుగా తిరగవచ్చు. తన మొటిమలు ఎంత తీవ్రంగా ఉన్నాయని రోగి అనుకుంటాడో దాన్నిబట్టే బాధ ఉంటుంది. కాబట్టి ‘ఇవి తక్కువే’ అని ధైర్యం చెప్పి పంపించే డాక్టరు ఉద్దేశం మంచిదే అయినా, ఎదురుగా ఉన్న మనిషి చెప్పేది వినలేదనే అర్థం.

కార్డిఫ్ సూచీలోని ఒక ప్రశ్న ఈతకొలనుల దగ్గర, నలుగురి ముందు బట్టలు మార్చుకోవడం మానుకున్నారా అన్న ధోరణిలో ఉంటుంది. తెలంగాణలోని కోహీర్ వంటి చిన్న ఊళ్లో ఆ ప్రశ్నకు పని లేదు. సంగారెడ్డి జిల్లాలో హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా పుణే వెళ్లే 65వ జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఈ మండల కేంద్రం ఎర్రనేలకూ జామతోటలకూ పేరుపడ్డది. తెలుగు, ఉర్దూ, సరిహద్దు దాటి వచ్చే కన్నడం కలగలిసి వినిపించే చోటు. ఇలాంటి ఊళ్లో ముఖం దాచుకోవాలనిపించే సందర్భాలు వేరు. పెళ్లిళ్లు, దావత్‌లు, పండుగపూట చుట్టాలు రావడం, బస్సులో కాలేజీకి పోవడం, గ్రూపు ఫొటో, పెళ్లిచూపులు. ఇక్కడి బాధను కొలవాలంటే ఈ సందర్భాల గురించే అడగాలి: గత నెలలో ఏ ఫంక్షన్‌కైనా కడుపునొప్పి అని చెప్పి పోకుండా ఉన్నారా? ఎండ లేకపోయినా చున్నీ ముఖానికి కట్టుకుంటున్నారా? ఫొటో దిగేటప్పుడు ఎప్పుడూ వెనక వరసలోకే పోతున్నారా?

చిన్న ఊళ్లో ఒకరినొకరు ఎరిగి ఉండటం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. నగరంలో పక్కింటివాళ్లకు పట్టని ముఖం గురించి ఇక్కడ దారిలో కలిసిన ప్రతి పెద్దమనిషీ అడుగుతారు. ‘ఏమైంది బిడ్డా మొఖానికి?’ అన్నది ప్రేమతో వేసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పేలోగా సలహా వచ్చేస్తుంది: వేపాకు నూరి పెట్టు, ముల్తానీ మట్టి రాయి, జాజికాయ అరగదీసి పట్టించు, పల్లీలు మానెయ్, మామిడిపండ్లు ముట్టకు, వేడి చేసింది, రక్తం చెడింది, పెళ్లయితే పోతయి. ఒక్కొక్కరూ ఒక్కసారే అంటారు. వినే పిల్లకు అది రోజుకు పదోసారి. ప్రతి సలహాలోనూ ‘నువ్వు చేయాల్సింది చేయడం లేదు’ అనే ఆరోపణ దాగి ఉంటుంది. చివరి సలహా అన్నిటికంటే చెడ్డది: పెళ్లి కావడానికే మొటిమలు అడ్డమని భయపెట్టే లోకం, పెళ్లే వాటికి మందు అంటుంది.

తిండి విషయంలో శాస్త్రం చెప్పేది ఇంత కరాఖండిగా లేదు. తీపి, మైదా వంటి రక్తంలో చక్కెరను గబుక్కున పెంచే తిండికీ, కొంతవరకు పాలకూ మొటిమలతో సంబంధం ఉందని చూపిన అధ్యయనాలున్నాయి. 2007లో ఆస్ట్రేలియాలో యువకుల మీద 12 వారాలు జరిపిన పరీక్షలో చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం తిన్నవాళ్లకు మొటిమలు ఎక్కువగా తగ్గాయి. జొన్నరొట్టె తిని పెరిగిన జహీరాబాద్ ప్రాంతంవాళ్లకు ఇందులో వింత ఏమీ లేదు. బేకరీ తిండి, కూల్‌డ్రింకులు తగ్గిస్తే చాలు. అంతేకాని తిండి ఒక్కటే మొండి మొటిమలను తెప్పించదు, అది మానినంత మాత్రాన అవి పోవు. ‘నోరు కట్టుకోలేవు కాబట్టే ఇట్లయింది’ అని పిల్లల్ని కంచం ముందు కూర్చోబెట్టి అనడం వల్ల కలిగే నష్టం పల్లీలు తింటే కలిగే నష్టం కంటే చాలా ఎక్కువ.

చూసేవాళ్ల మనసులో ఏముంటుందో కూడా పరిశోధకులు పరీక్షించారు. 2023 డిసెంబరులో జామా డెర్మటాలజీ పత్రికలో వచ్చిన అమెరికన్ అధ్యయనంలో 1357 మందికి కొన్ని ముఖాల ఫొటోలు చూపించారు. అవే ముఖాలను కొందరికి మామూలుగా, కొందరికి మొటిమలు చేర్చి చూపి ప్రశ్నలడిగారు. తీవ్రమైన మొటిమలున్న మనిషితో స్నేహం చేయడానికి, ఉద్యోగంలో పెట్టుకోవడానికి, ఫొటో కలిసి దిగి నలుగురికీ చూపించుకోవడానికి జనం వెనకాడారు. ఆ మనిషి శుభ్రత లేనివాడని, తెలివి తక్కువవాడని, నమ్మదగనివాడని కూడా ఎక్కువమంది అనుకున్నారు. చామనఛాయ, నలుపు ముఖాల మీద ఈ చిన్నచూపు మరింత ఎక్కువగా ఉంది. మొటిమలున్నవాళ్లు ‘అందరూ నా మొఖమే చూస్తున్నరు’ అన్నప్పుడు అది వట్టి భ్రమ కాదు. కొంత నిజం ఉంది. దాన్ని కాదనకుండానే వాళ్లతో మాట్లాడాలి.

చామనఛాయ చర్మంలో మరో చిక్కు ఉంది. మొటిమ మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది, నెలల తరబడి పోదు. తెల్లజాతి రోగుల మీద జరిగిన పాత పరిశోధనలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు కాని, మన దగ్గర డాక్టరు ముందు కూర్చున్నవాళ్లు మొటిమల కంటే ముందు మచ్చల గురించే చెబుతారు. రంగు మీద మన సమాజానికున్న వ్యామోహం దీనికి తోడవుతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో దేశంలోకి వచ్చింది. దాని పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట పోవడానికి 2020 దాకా పట్టింది. 2009లో చెన్నైలో మొదలైన ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమం ఈ వ్యామోహాన్ని ప్రశ్నించింది. పెళ్లి సంబంధాల మాటల్లో దాని ప్రభావం తక్కువే. అమ్మాయి ఫొటో పంపే ముందు ఫోన్లో ముఖం నునుపు చేస్తారు. పెళ్లిచూపుల నాడు మందంగా మేకప్ వేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒక అత్తయ్య పక్కకు వంగి ‘ఫొటోల ఇవి లేకుండె’ అంటుంది. ఆ మాట పెద్దగా అనదు. అయినా వినిపిస్తుంది. సంబంధం తప్పిపోవడానికి కారణం కట్నం కావచ్చు, దూరం కావచ్చు. ఇంట్లో మిగిలే లెక్కలో మాత్రం అది మొటిమల వల్లే అవుతుంది.

వెండితెర ఈ విషయంలో ఒకసారి మేలు చేసింది. నటి సాయిపల్లవి 2015లో మలయాళ చిత్రం ‘ప్రేమమ్’లో, 2017లో దర్శకుడు శేఖర్ కమ్ముల తీసిన ‘ఫిదా’లో ముఖం మీద మొటిమలు కనిపిస్తుండగానే నటించింది. ‘ఫిదా’లో ఆమె పాత్ర భానుమతిది బాన్సువాడ, ఆ ఊరూ, కోహీరూ ఒకే జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఆ భాష, ఆ ఇల్లు, ఆ ముఖం ఇక్కడి అమ్మాయిలకు పరాయివి కావు. మొటిమల వల్ల తాను కూడా బెరుకు పడ్డానని, ‘ప్రేమమ్’కు ప్రేక్షకులు ఇచ్చిన ఆదరణతో ధైర్యం వచ్చిందని ఆమె బహిరంగంగానే చెప్పింది. తర్వాత పెద్ద మొత్తం ఇస్తామన్నా ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదంది. ఒక సినిమా జబ్బును నయం చేయదు. కాని మొటిమలున్న ముఖం కథలో ప్రేమకు తగినదిగా కనిపించడం మన తెర మీద అరుదు కాబట్టి దీన్ని చెప్పుకోవాలి.

ఇంట్లో తలుపు మూసుకున్నాక జరిగేది వేరు. పొద్దున లేవగానే వేలి కొసలతో చెంపలు, గడ్డం తడిమి రాత్రి కొత్తవి ఎన్ని వచ్చాయో లెక్క చూసుకోవడం, ట్యూబులైటు కింద ఒక అద్దం, కిటికీ దగ్గర మరో అద్దం, ఆపై ఫోన్ కెమెరా. కొందరు అద్దాన్ని అసలే చూడరు, చేతులు కడుక్కునేటప్పుడు తల దించుకుంటారు. రెండూ ఒకే బాధకు రెండు రూపాలు. గిల్లడం మరొకటి. మొటిమ చిదిమితే ఆ నిమిషానికి ఊరట, గంటకు ఎర్రని పుండు, నెలలపాటు మచ్చ, దాని వెనక తన మీద తనకు కోపం. మొటిమల కంటే గిల్లుడు పుండ్లే ఎక్కువగా ఉండే ఈ స్థితిని ఫ్రెంచి వైద్యుడు లూయీ బ్రోక్ 1898లోనే ప్రత్యేకంగా వర్ణించాడు. చిన్న లోపమే ముఖమంతా ఆక్రమించినట్లు కనిపించి రోజులో గంటల కొద్దీ దాని ధ్యాసలోనే గడిచిపోతుంటే, అది శరీర రూపం గురించిన ప్రత్యేక మానసిక రుగ్మత కావచ్చు. దానికి చర్మవైద్యుడితో పాటు మానసిక వైద్యుడూ అవసరం.

మగపిల్లల సంగతి ఇంకా తక్కువగా మాట్లాడుకుంటారు. తీవ్రమైన, గడ్డలు కట్టి గుంటలు మిగిల్చే మొటిమలు అబ్బాయిల్లోనే ఎక్కువ. ‘మగోనికి అందమెందుకురా’ అని కొట్టిపారేయడం వల్ల వాళ్లకు చెప్పుకునే చోటే ఉండదు. మేకప్ వేసుకోలేరు, చున్నీ కట్టుకోలేరు. గడ్డం పెంచి దాచుకుంటారు, లేదా హాస్టల్‌లో పెట్టిన వెక్కిరింపు పేరుకు తామే ముందు నవ్వుతారు. ఇంటికొస్తే కోపం, మూతి ముడుచుకోవడం. తల్లిదండ్రులకు కనిపించేది ఆ కోపమే, దాని మూలం కాదు.

బాధ ఇలా పెరిగేకొద్దీ త్వరగా తగ్గించే మందు కోసం తహతహ పెరుగుతుంది. భారతదేశంలో ఈ తహతహ ఒక పెద్ద ప్రమాదానికి దారితీసింది. మెడికల్ షాపుకు పోయి ‘అన్నా, మొఖానికి మంచి క్రీము ఇయ్యి’ అంటే కౌంటరు మీదికి వచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు మూడు రోజులకే ఎరుపు తగ్గి ముఖం తేటగా, తెల్లగా కనిపిస్తుంది. పక్కింటి అక్క అడిగి అదే ట్యూబు కొనుక్కుంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలి, మొదటివాటి కంటే ఘోరమైన మొటిమలు లేస్తాయి. మానేస్తే రెండు రోజుల్లో ముఖం భగ్గుమంటుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. మనసుకు సంబంధించి ఇందులో అన్నిటికంటే క్రూరమైనది ఇదే: తన చేత్తో తానే చెడగొట్టుకున్నానన్న అపరాధ భావం, అద్దంలో మొదటి వారం చూసిన ఆ తేటదనం మళ్లీ రాదేమోనన్న బెంగ.

ఇది విడివిడిగా జరిగే పొరపాటు కాదని 2011లో భారతీయ చర్మవైద్యుల పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ క్రీము వాడుతున్నారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది వాడింది మొటిమల కోసమే. 59 శాతం మందికి దాన్ని సూచించింది డాక్టరు కాదు. పల్లెల్లో, పట్టణ శివార్లలో ఉండేవాళ్లు మరింత ఘాటైన రకాలు వాడుతున్నారు. వాడినవాళ్లలో 90 శాతానికి పైగా దుష్ఫలితాలు కనిపించాయి, అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది మొటిమలే. చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ దీనిపై కార్యదళాన్ని ఏర్పాటుచేసి పోరాడింది. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉన్నా అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు తగ్గలేదు. షాపతన్ని తిట్టి లాభం లేదు. చర్మవైద్యుడి దగ్గరికి పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, ఫీజు పోయే చోట షాపు కౌంటరే ఆసుపత్రి అవుతుంది.

మనసు బాగాలేకపోతే మొటిమలు పెరుగుతాయా అన్నదానికి కూడా జవాబు దొరికింది. 2003లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మీద, 2007లో సింగపూర్‌లో 94 మంది హైస్కూలు పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో పరీక్షల ఒత్తిడి పెరిగినప్పుడు మొటిమలు ఉధృతమయ్యాయి. సింగపూర్‌లో నూనె స్రావం పెద్దగా మారలేదు. అంటే ఒత్తిడి పనిచేసేది వాపు దారిలో కావచ్చు. టెన్త్, ఇంటర్ పరీక్షల ముందు ముఖం పేలిపోయిందని పిల్లలు చెబితే నమ్మవచ్చు. అయితే ‘నువ్వు టెన్షన్ పడుతున్నవ్ కాబట్టే వస్తున్నయి’ అని వాళ్ల మీదే తోసేస్తే, టెన్షన్‌కు టెన్షన్ తోడవుతుంది.

దిగులు ఎక్కడ ప్రమాదంగా మారుతుందన్నది ఈ అంశంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. నార్వే రాజధాని ఓస్లోలో 18, 19 ఏళ్ల 3775 మంది మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మొటిమలు ఎక్కువగా ఉన్న అమ్మాయిల్లో చనిపోవాలన్న ఆలోచనలు మిగతావాళ్ల కంటే రెండింతలు, అబ్బాయిల్లో మూడింతలు కనిపించాయి. స్నేహాలు తక్కువ, చదువులో ఉత్సాహం తక్కువ. బ్రిటన్‌లో 1986 నుంచి 2012 వరకు వైద్యుల రికార్డులను పరిశీలించి 2018లో వెలువరించిన మరో అధ్యయనం, మొటిమల నిర్ధారణ అయిన మొదటి ఏడాదిలో తీవ్ర కుంగుబాటు ముప్పు 63 శాతం ఎక్కువని తేల్చింది. ఆ ముప్పు అయిదేళ్ల దాకా పూర్తిగా దిగలేదు. మొటిమలున్నవాళ్లందరూ కుంగిపోరు, చాలామంది నెట్టుకొస్తారు. కాని చికిత్స మొదలుపెట్టే రోజే మనసు గురించి కూడా అడగాలని చెప్పడానికి ఈ లెక్కలకు మించిన ఆధారం అక్కర్లేదు.

ఇక్కడే ఐసోట్రెటినాయిన్ చర్చ వస్తుంది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర తీవ్రమైన మొటిమలకు ఇప్పటికీ అన్నిటికంటే బలమైన మందు. దాన్ని వాడేవాళ్లలో కుంగుబాటు, ఆత్మహత్యలు వస్తున్నాయన్న వార్తలతో కుటుంబాలు భయపడ్డాయి. 2010లో వచ్చిన స్వీడన్ అధ్యయనం 5756 మంది రికార్డులను చూసి, ఆత్మహత్యా యత్నాలు మందు మొదలుపెట్టకముందే పెరుగుతూ వచ్చాయని, చికిత్స ముగిసిన కొన్ని నెలల దాకా ముప్పు ఎక్కువగానే ఉందని గుర్తించింది. అంటే జబ్బు తీవ్రతే పెద్ద కారణం కావచ్చు. 2017 నాటి ఒక సమీక్ష ఈ మందుకూ కుంగుబాటుకూ మొత్తం మీద సంబంధం కనిపించలేదని, మొటిమలు తగ్గాక దిగులు లక్షణాలు కూడా తగ్గాయని చెప్పింది. కొద్దిమందిలో మనసు మారవచ్చు కాబట్టి గమనించడం మానకూడదు. మందు ఆపేసినా ఏడాది పాటు కనిపెట్టి ఉండాలి, ముఖం బాగుపడ్డా స్నేహాలు, ఆత్మవిశ్వాసం వెంటనే తిరిగి రానివాళ్లను మరీ. స్త్రీల విషయంలో ఇంకో హెచ్చరికను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు రావచ్చు. మందు సమయంలోనూ, ఆపాక ఒక నెలపాటూ గర్భం రాకూడదు. పెళ్లి కుదిరింది కాబట్టి త్వరగా తగ్గాలని ఈ మాత్ర మొదలుపెట్టే ఇళ్లలో ఈ మాట ముందే తేల్చుకోవాలి.

మొటిమలు తక్కువగా, మధ్యస్థంగా ఉంటే అడపాలిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పూతమందులు, అవసరమైతే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. వీటి ఫలితం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో చర్మం పొడిబారి, పొట్టు లేచి, ముఖం మునుపటి కంటే చెడ్డగా కనిపించవచ్చు. ఈ సంగతి చీటీ రాసేటప్పుడే చెప్పకపోతే రోగి రెండో వారంలో ట్యూబు పడేస్తాడు, ‘నాకు ఏ మందూ పడదు’ అని తీర్మానించుకుంటాడు. ఇలా మూడు నాలుగు సార్లు ఆశపడి దెబ్బతిన్నవాళ్లకు కొత్త మందు ఇవ్వడం కంటే వాళ్లతో పది నిమిషాలు మాట్లాడటం ముఖ్యం. చికిత్స ఫలించినప్పుడు దిగులు, ఆందోళన తగ్గుతాయని పలు అధ్యయనాలు చూపాయి. మచ్చలు పడకముందే, బడిలో ఉండగానే మొదలుపెట్టడం మనసుకు కూడా మందే.

కోహీర్‌లో ఉన్నవాళ్లు చర్మవైద్యుల కోసం ఒకవైపు జహీరాబాద్, కర్ణాటకలోని బీదర్, మరోవైపు సంగారెడ్డి, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ చూస్తారు. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలుకావడం వల్ల జిల్లాలోనే నిపుణుల సేవలకు దారి పడింది. 10 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం 2014లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మానసిక ఆరోగ్యాన్ని తన ఆరు ముఖ్యాంశాల్లో ఒకటిగా పెట్టుకుంది. బడిలో రక్తహీనత పరీక్ష చేసే ఆరోగ్య కార్యకర్త ముఖం చూసి ‘నిద్ర పడుతుందా, బడికి రాబుద్ధి అవుతుందా’ అని అదే పూట అడగవచ్చు. సమాచారం చేర్చడానికి ఈ ప్రాంతంలో మంచి సాధనమే ఉంది: 2008 అక్టోబరు 15న మాచునూరులో దళిత మహిళలు మొదలుపెట్టిన సంఘం రేడియో. స్టెరాయిడ్ ట్యూబుల గురించి డాక్టరు భాషలో రాసిన కరపత్రం కంటే అలాంటి గొంతులో వినిపించే మాటే ఎక్కువగా ఇళ్లలోకి పోతుంది.

అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని అడగడానికి చాలామంది భయపడతారు. పిల్ల తిండి మానేసి, నిద్ర లేక, ‘నేను లేకుంటేనే మంచిది’ అన్నట్టు మాట్లాడుతుంటే, చనిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బెంగ వారాల తరబడి తగ్గకపోతే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. చర్మానికి చికిత్స సాగుతుండగానే కౌన్సెలింగ్, అవసరమైతే కుంగుబాటు మందులు వాడవచ్చు. ఒకటి అయ్యాకే మరొకటి అనుకోనక్కర్లేదు.

మొటిమలు ఆగాక మచ్చల వంతు వస్తుంది. నల్లమచ్చలు ఎండ తగలకుండా చూసుకుంటే, అజెలాయిక్ యాసిడ్ వంటి పూతలతో నెలల్లో తేలికపడతాయి. గుంటలు అలా పోవు. వాటికి మైక్రోనీడ్లింగ్, లేజర్, సబ్‌సిషన్ వంటి పద్ధతులున్నాయి. పలుమార్లు చేయించుకోవాలి, ఖర్చు ఎక్కువ, నూటికి నూరు శాతం మాయం కావు. కొత్త మొటిమలు రావడం పూర్తిగా ఆగకముందే వీటికి డబ్బు పెట్టడం వృథా. ఎంత వరకు తగ్గుతుందో మొదటి రోజే ఫొటో పెట్టుకుని డాక్టరు, రోగి కలిసి మాట్లాడుకుంటే, ఆ తర్వాత వచ్చే ఫలితం కొద్దిపాటిదైనా రోగికి నిరాశ మిగలదు.